ఎర్రగడ్డలో పట్టపగలు, ఒహాయోలో అర్ధరాత్రి

2004 డిసెంబరు. ఆదివారం, పొద్దున పదకొండు దాటింది. మీరు ఎర్రగడ్డలో బస్సు దిగారు. కాలు మోపడానికి చోటు లేదు, ఆదివారం సంత మరి. రోడ్డు పొడవునా పట్టాలు పరిచి పాత స్పానర్లు, టేప్‌రికార్డర్లు, కాలిపోయిన మోటార్లు, ఏ మిషనువో తెలియని వైర్లు పోసి కూర్చున్నారు. ఒకతను చార్జర్ల చిక్కు విప్పుతూనే బేరం చెబుతున్నాడు. రైతుబజారు నుంచి సంచులు మోసుకొచ్చేవాళ్లు మిమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. భరత్‌నగర్ వైపు ఎంఎంటీఎస్ బండి కూత వినిపించింది. ఆ బండ్లు మొదలై ఏడాది పైచిలుకు అయింది కానీ, జనం ఇంకా తలెత్తి చూస్తూనే ఉన్నారు.

సందులోకి తిరగండి. కింద జిరాక్స్ షాపు, మధ్య అంతస్తులో టైలరు. మూడో అంతస్తులో బోర్డు లేని ఆఫీసు. చెప్పులు బయట విడిచి లోపలికి రండి. మూడు కంప్యూటర్లు, మూలన యూపీఎస్, బల్ల మీద స్పీకర్ ఫోను. గోడకు రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి పదకొండూ ఇరవై చూపిస్తోంది, రెండోది పన్నెండూ యాభై. రెండోది అమెరికా తూర్పు తీరం టైము. ఒహాయో రాష్ట్రంలో ఒక గిడ్డంగి ఆ టైములోనే నిద్రపోతోంది. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా దాని లైను తెంపి మళ్లీ కలుపుకోవడానికి వీళ్లకు అనుమతి ఇచ్చారు. అంటే మన లెక్కన పదకొండున్నర నుంచి రెండున్నర.

గదిలో ముగ్గురున్నారు. రౌటర్ ముందు కూర్చున్న కుర్రాడిది సిరిసిల్ల. పక్క కంప్యూటర్లో మెయిన్‌ఫ్రేమ్ కన్సోల్ తెరిచి పెట్టుకున్న పెద్దాయనది తెనాలి, ఉద్యోగ విరమణ చేసి ఇక్కడ చేరారు. ఫోను దగ్గర ఉన్న అమ్మాయి అవతలి గిడ్డంగి సూపర్‌వైజరుతో మాట్లాడుతోంది. పాపం ఆవిడ అర్ధరాత్రి పూట ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని కూర్చుందట.

పని వినడానికి చిన్నదే. ఆ గిడ్డంగిలో ఐబీఎం 3174 అనే కంట్రోలర్ ఒకటుంది. దానికి ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్లు, ఒక ప్రింటరు తగిలించి ఉన్నాయి. ఏ లారీలో ఏ సరుకు పోవాలో అంతా వాటి మీదే నడుస్తుంది. కంట్రోలరుకు సమాధానం చెప్పే మెయిన్‌ఫ్రేమ్ మరో ఊళ్లో ఉంది. ఇన్నేళ్లూ రెండింటికీ మధ్య ఒక లీజు లైను ఉండేది, కేవలం ఆ ఒక్క పని కోసం. టెలిఫోన్ కంపెనీ ఇప్పుడు దాన్ని ఎత్తేస్తోంది. మిగతా ట్రాఫిక్ అంతా పోయే ఐపీ నెట్‌వర్క్ మీదే దీన్నీ పంపాలి. పాత మిషను మారదు, మెయిన్‌ఫ్రేమ్ మీది ప్రోగ్రాం మారదు. మారేదల్లా మధ్యలో రెండు రౌటర్లలో రాసే పది పన్నెండు వాక్యాలు, మెయిన్‌ఫ్రేమ్ జాబితాలో ఒక నమోదు.

ఆ వాక్యాలు చిక్కుముడి కావడానికి కారణం ఉంది. మెయిన్‌ఫ్రేమూ టెర్మినళ్లూ మాట్లాడుకునే తన ఎస్‌ఎన్‌ఏ పద్ధతిని ఐబీఎం ప్రకటించింది 1974లో. అప్పటి లెక్క ప్రకారం లైను అంటే కచ్చితంగా ఉండేది, తనకంటూ ఉండేది, టైముకు పలికేది. అందుకే ఈ పద్ధతిలో ఒక వైపు వాడు రెండో వాణ్ని ఎడతెగకుండా అడుగుతూనే ఉంటాడు: ఉన్నావా, చెప్పేదేమన్నా ఉందా? లోకల్ నెట్‌వర్క్ మీద నడిచే ఎల్‌ఎల్‌సీ2లో ఆ ఓపిక మామూలుగా ఒక్క సెకను. సెకనులో జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాడు. ఎనిమిదిసార్లు అడిగాక సెషన్ తెంపేస్తాడు. ఐపీ నెట్‌వర్క్ అలాంటిది కాదు. రద్దీ ఉంటే ప్యాకెట్ ఆగుతుంది, దారి తెగితే ఇంకో దారిన పోతుంది, ఒక్కోసారి మాయమై మళ్లీ పంపితే చేరుతుంది. మన హైదరాబాదులోనే, మాసాబ్‌ట్యాంక్ దగ్గరున్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ 1999లో బ్యాంకుల కోసం ఇన్ఫినెట్ అనే నెట్‌వర్క్ మొదలుపెట్టింది వీశాట్ల మీద, అంటే ఉపగ్రహం దారిన. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి దిగి, జవాబు అదే దారిన తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. సెకను ఓపిక ఉన్నవాడి ముందు అర సెకను దారిలోనే ఖర్చయితే మిగిలేదెంత?

దీనికి ఐబీఎం వాళ్లే 1992లో తమ 6611 రౌటరుతో ఒక ఉపాయం తెచ్చారు. డేటా లింక్ స్విచింగ్, పొట్టిగా డీఎల్‌ఎస్‌డబ్ల్యూ. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1795గా అందరికీ ఉమ్మడి పద్ధతి అయింది. సిస్కో తన హంగులు చేర్చి డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ప్లస్ అంది. ఉపాయం ఏమిటంటే, "ఉన్నావా?" అన్న ప్రశ్నను ఊరు దాటనివ్వకూడదు. గిడ్డంగిలోని రౌటరే మెయిన్‌ఫ్రేమ్ తరఫున కంట్రోలరుతో మాట్లాడుతుంది. మెయిన్‌ఫ్రేమ్ పక్కనున్న రౌటరు కంట్రోలరు తరఫున జవాబు చెబుతుంది. అసలు డేటా మాత్రం రెండు రౌటర్ల మధ్య టీసీపీ మీద, 2065 పోర్టులో నిదానంగా నడుస్తుంది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో చీకట్లో నిలబడి, తెర మీద పెదవి కదిలిన క్షణానికే మాట అందించే ఆర్టిస్టు చేసేది ఇదే పని. తెర మీది మనిషి వేరు, గొంతు వేరు, కానీ చూసేవాడికి తేడా తెలియకూడదు. అరక్షణం తప్పితే పట్టుబడిపోతుంది.

పదకొండున్నర.

"మొదలుపెడదామా నాయనా?" అన్నారు పెద్దాయన.

"పెడ్తున్న సార్."

కుర్రాడి వేళ్లు చూడండి. మొట్టమొదట కొట్టింది "రీలోడ్ ఇన్ 20". తను చేసే మార్పుల్లో ఏదైనా బెడిసికొట్టి రౌటరుకు దారి మూసుకుపోతే, ఇరవై నిమిషాల్లో అదే రీస్టార్టయి పాత కాన్ఫిగరేషనుతో లేస్తుంది. పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పెట్టె మీద చేయి వేసేవాడికి ఇంతకంటే మంచి అలవాటు లేదంటాను నేను. ఏ పుస్తకంలోనైనా ఇది మొదటి పేజీలో ఉండాలి.

అక్షరం కొడితే అది తెర మీదికి రావడానికి రెప్పపాటు కంటే ఎక్కువే పడుతోంది. కొట్టిన ప్రతి అక్షరం ఒహాయో దాకా పోయి తిరిగొచ్చి కనిపిస్తోంది. అందుకని కుర్రాడు తొందరపడడు. "డీఎల్‌ఎస్‌డబ్ల్యూ లోకల్-పీర్", దాని పక్కన ఈ రౌటర్ అడ్రసు. "డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రిమోట్-పీర్ 0 టీసీపీ", దాని పక్కన మెయిన్‌ఫ్రేమ్ దగ్గరి రౌటర్ అడ్రసు. ఆ వెంటనే "షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పీర్స్". ఒకసారి క్యాప్-ఎక్స్ఛేంజ్ అని చూపించింది. మళ్లీ కొడితే కనెక్ట్.

"పీర్ లేషింది సార్."

"అది మీ ఇద్దరి మధ్య మాట. మా వాడి సంగతి చూడు."

ఇప్పుడు కంట్రోలర్ తగిలిన సీరియల్ పోర్టు. అలాంటి లైను మీద ఎస్‌ఎన్‌ఏ మాట్లాడే పద్ధతి పేరు ఎస్‌డీఎల్‌సీ. "ఎన్‌క్యాప్సులేషన్ ఎస్‌డీఎల్‌సీ." "ఎస్‌డీఎల్‌సీ రోల్ ప్రైమరీ", అంటే అడిగేవాడు రౌటరే, కంట్రోలరు జవాబు చెప్పేవాడు. "క్లాక్ రేట్ 9600." "ఎస్‌డీఎల్‌సీ వీమ్యాక్ 4000.3174.2300", లేని మ్యాక్ అడ్రసును కంట్రోలరుకు తగిలించడం. చివరి రెండంకెలు సున్నాలే ఉండాలి, లైను మీద కంట్రోలర్ నంబరు సీ1 వచ్చి అందులో కూర్చుంటుంది. "ఎస్‌డీఎల్‌సీ అడ్రస్ సీ1." "ఎస్‌డీఎల్‌సీ ఎక్స్‌ఐడీ సీ1 01700023." "ఎస్‌డీఎల్‌సీ పార్ట్‌నర్ 4000.3745.0001 సీ1."

పార్ట్‌నర్ దగ్గర, అంటే మెయిన్‌ఫ్రేమ్ కార్డు అడ్రసు దగ్గర, కుర్రాడు ఆగాడు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు పంపిన కాగితంలో కార్డు అడ్రసు 0200.ఈసీఏ2.0080 అని ఉంది. రెండింటికీ పోలికే లేదు.

"తప్పు రాసిన్రా సార్?"

పెద్దాయన కాగితం అందుకుని పెన్సిలుతో 37 అని రాశారు. దాని కింద ఎనిమిది బిట్లు: 00110111. వాటిని కుడి నుంచి ఎడమకు తిరగరాశారు: 11101100. "ఇదేంటి?"

"ఈసీ."

"45 తిప్పు."

కుర్రాడు తనే వేసుకున్నాడు. 01000101 తిప్పితే 10100010. "ఏ2!" అన్నాడు గట్టిగా. టోకెన్ రింగ్ అనే పాత లోకల్ నెట్‌వర్క్ ప్రతి బైటునూ ఒక కొస నుంచి చదివితే ఈథర్‌నెట్ రెండో కొస నుంచి చదువుతుంది. మెయిన్‌ఫ్రేమ్‌కు కొత్తగా ఈథర్‌నెట్ కార్డు పెట్టినప్పుడు, పాత అడ్రసు నమ్ముకున్న మిషన్లేవీ మార్చనక్కర్లేకుండా దాన్ని తిరగేసి పెట్టారన్నమాట. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ మాట్లాడేది టోకెన్ రింగ్ వరసలోనే. కుర్రాడు రాసింది రైటే.

చివరి వాక్యం "ఎస్‌డీఎల్‌సీ డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సీ1". అమ్మాయి ఫోనులో చెప్పింది, సూపర్‌వైజరు పాత మోడెం కేబుల్ పీకి రౌటర్ కేబుల్ తగిలించింది. "నో షట్."

"షో ఇంటర్‌ఫేస్". సీరియల్ అప్, లైన్ ప్రోటోకాల్ అప్. దాని కింద, సీ1 పక్కన ఒక్క మాట: స్నర్మ్‌సెంట్. మళ్లీ కొట్టాడు. స్నర్మ్‌సెంట్. రౌటరు కంట్రోలరును పలకరిస్తోంది, "మాట్లాడుకుందాం, సిద్ధమేనా?" అని. యూఏ అనే చిన్న జవాబు రావాలి. రావడం లేదు.

ఆ గదిలో నిలబడితే మీకు అర్థమవుతుంది. చెడిపోయినదేదైనా ఎర్ర లైటు వెలిగిస్తే మేలు. అన్నీ అప్ అని చూపిస్తూ పని మాత్రం జరగకపోతే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? కుర్రాడు క్లాక్ రేటు మార్చి చూశాడు. అడ్రసు సీ1 అవునో కాదో ఫోనులో అడిగించాడు. సూపర్‌వైజరు కేబుల్ పీకి మళ్లీ పెట్టింది. కింద సంతలో ఎవరో పాత స్పీకరు పరీక్షించడానికి పాట పెంచారు, అమ్మాయి లేచి కిటికీ వేసింది. అంతలో తెర మీద ఒక హెచ్చరిక వచ్చిపడింది: షట్‌డౌన్ ఇన్ 5 నిమిషాలు. తను పెట్టిన రీలోడ్ దగ్గరికొస్తోంది. "రీలోడ్ ఇన్ 30" కొట్టి గడువు పెంచాడు. నుదుట చెమట తుడుచుకున్నాడు, డిసెంబరులో.

"అబార్ట్‌లు పెరుగుతున్నాయా?" పెద్దాయన కుర్చీ కదల్చకుండానే అడిగారు.

కుర్రాడు లెక్కలున్న వరస చూశాడు. పది సెకన్లాగి మళ్లీ చూశాడు. "పెరుగుతున్నయ్ సార్. బానే పెరుగుతున్నయ్."

"అయితే వాడు జవాబు చెబుతున్నాడు. నీకే అర్థం కావట్లేదు. ఎన్‌ఆర్‌జెడ్‌ఐ పెట్టి చూడు."

లైను మీద సున్నా, ఒకటి ఎలా కనిపించాలన్న దానికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది ఎన్‌ఆర్‌జెడ్: ఒకటికి ఒక వోల్టేజి, సున్నాకి ఇంకోటి. రెండోది ఎన్‌ఆర్‌జెడ్‌ఐ: సున్నా వచ్చినప్పుడల్లా వోల్టేజి మారుతుంది, ఒకటి వస్తే ఉన్నచోటే ఉంటుంది. ఎస్‌డీఎల్‌సీలో ఎలాగూ వరసగా ఐదు ఒకట్లు రాగానే మధ్యలో ఒక సున్నా దూరుస్తారు. కాబట్టి ఎన్‌ఆర్‌జెడ్‌ఐ పెడితే లైను ఎప్పుడూ ఎక్కువసేపు కదలకుండా ఉండదు, పాతకాలపు మోడెంలు ఆ కదలికను బట్టి లయ అందుకునేవి. అప్పట్లో ఎవరో ఈ కంట్రోలరుకు అది పెట్టి వదిలేశారు. రౌటరు మామూలుగా ఎన్‌ఆర్‌జెడ్‌తో లేస్తుంది. కేబుల్ మంచిదే, క్లాక్ మంచిదే, అడ్రసు సరైనదే. వచ్చే ప్రతి ఫ్రేమూ ముక్కచెక్కలుగా కనిపించి అబార్ట్ లెక్కలో చేరిపోతోంది.

"ఎన్‌ఆర్‌జెడ్‌ఐ-ఎన్‌కోడింగ్." ఎంటర్.

స్నర్మ్‌సెంట్ పోయింది. యూస్‌బిజీ వచ్చింది.

"పలికిండు సార్!"

పలికాడు కానీ పని ఇంకా కాలేదు. యూస్‌బిజీ అంటే రౌటరు కంట్రోలరుతో "నువ్వు ఆగు, నాకు అవతల మనిషి దొరకలేదు" అంటోంది. ఇక్కణ్ణుంచి కథ మెయిన్‌ఫ్రేమ్ వైపుది.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. ఎర్రగడ్డ నుంచి ఈఎస్‌ఐ, ఎస్‌ఆర్ నగర్ దాటితే అమీర్‌పేట మైత్రీవనం. 1990ల చివర వైటూకే హడావుడిలో ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి ఎంతమంది పిల్లలు ఆ మెట్లెక్కి కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని విమానమెక్కారో! అవే భవనాల్లో, ఒక అంతస్తు పైనో కిందో, సీసీఎన్‌ఏ బోర్డులు. మెయిన్‌ఫ్రేమ్ క్లాసుకు వెళ్లేవాడు నెట్‌వర్కింగ్ క్లాసు గుమ్మం తొక్కడు, వీడు అటు పోడు. ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడతారు. ఒకడికి మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ సంగతులు చూసే వీటీఏఎం తెలుసు, రౌటర్ అంటే ఎవరో చూసుకునే పెట్టె. ఇంకొకడికి రౌటింగ్ కొట్టిన పిండి, ఎక్స్‌ఐడీ అంటే కాగితంలో ఉన్నది ఎక్కించాల్సిన ఎనిమిది అక్షరాలు. ఈ ఆదివారం పని సరిగ్గా ఆ రెండు అంతస్తుల మధ్య మెట్ల మీద ఉంది. తనకు తెలిసిన సగం బాగానే ఉందని ఇద్దరూ నిజాయితీగా చెబుతారు. లైను మాత్రం లేవదు. కమాండ్లు కాపీ కొట్టి అతికించడం ఎవరైనా చేస్తారు. రెండో సగాన్ని అడిగి తెలుసుకునే ఓపిక ఉన్నవాడే ఈ పనికి మనిషి అని నా గట్టి నమ్మకం.

పెద్దాయన తరం రెండూ ఒంటిచేత్తో చూసిన తరం. 1978లో ఐబీఎం ఈ దేశం వదిలి వెళ్లిపోయాక వాళ్ల మిషన్ల బాగోగులు ప్రభుత్వ రంగంలోని సీఎంసీ భుజాన పడ్డాయి. 1980ల నడుమ అదే సీఎంసీ ఇండోనెట్ పేరుతో పెద్ద నగరాలను కలుపుతూ కంప్యూటర్ నెట్‌వర్క్ నడిపింది. విడిభాగం కావాలంటే నెలలు పట్టే కాలం. టెలిఫోన్ లైను సరిగా లేకపోతే మోడెం దగ్గర కూర్చుని వినాలి, మెయిన్‌ఫ్రేమ్ దగ్గరికి పోయి చూడాలి. నా పని కాదనే వీలు ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆయన తెర చూడండి. వీటీఏఎంలో ఈ గిడ్డంగి కోసం కొత్త పీయూ, అంటే ఆ కంట్రోలరు నమోదు, ఒకటి రాసి ఉంచారు. లీజు లైను ఉన్నప్పుడు ఎవరు ఏ లైను మీద ఉన్నారో ముందే తెలుసు కాబట్టి పేరు అడిగే పని లేదు. ఇప్పుడు ఎవరైనా ఎటునుంచైనా రావచ్చు, అందుకని వచ్చినవాడు ఎక్స్‌ఐడీ, అంటే తన గుర్తింపు నంబరు, చెప్పాలి. డిస్‌ప్లే కొట్టారు. స్థితి: కనెక్టబుల్. గుమ్మం తెరిచే ఉంది, ఎవరూ రాలేదు.

కుర్రాడి వైపు "షో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ సర్క్యూట్స్". సర్క్యూట్ ఎస్టాబ్లిష్డ్ దగ్గరే ఆగింది. కనెక్టెడ్ కావడం లేదు.

"గుమ్మం దాకా వచ్చాడు, పేరు తప్పు చెబుతున్నాడు. నీ ఎక్స్‌ఐడీ చదువు."

"సున్నా ఒకటి ఏడు, సున్నా సున్నా సున్నా రెండు మూడు."

017 అంటే 3174 జాతి, అది సరిపోయింది. పెద్దాయన తన జాబితాలో ఐడీనమ్, అంటే మిగతా ఐదంకెలు, చూశారు. 00017. రెండు క్షణాలు ఇద్దరూ మాట్లాడలేదు. గిడ్డంగి నంబరు 23. అవతల మెయిన్‌ఫ్రేమ్ వాళ్లలో ఎవరో, ఈ గడిలో హెక్సా అంకెలే వేయాలి కదా అని 23ను హెక్సాలోకి మార్చి 17 చేశారు. రౌటర్ కాగితం తయారు చేసినవాళ్లు 23నే ఉన్నదున్నట్టు ఎక్కించారు. ఎవరి లెక్క వాళ్లకు సబబే.

"ఏది మార్చాలె సార్?"

"నీది మార్చు. నాది మార్చాలంటే మళ్లీ నోడ్ దింపి ఎక్కించాలి."

పోర్టు షట్. "ఎస్‌డీఎల్‌సీ ఎక్స్‌ఐడీ సీ1 01700017." నో షట్. స్నర్మ్‌సెంట్, యూస్‌బిజీ, ఆ తర్వాత కనెక్ట్. పెద్దాయన తెర మీద పీయూ యాక్టివ్ అని పడింది. దాని వెంట టెర్మినళ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

ఫోను దగ్గర అమ్మాయి చెయ్యెత్తింది. "స్క్రీన్ మీద లాగాన్ బొమ్మ వచ్చిందంట సార్. ప్రింటర్ దానంతటదే ఒక కాగితం వదిలిందంట."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఇంకో పరీక్ష ఉంది. సూపర్‌వైజరును లాగానయి ఏదో ఒక సరుకు వివరం తెరిచి ఉంచమన్నారు. కుర్రాడు మెయిన్‌ఫ్రేమ్ వైపు రౌటర్లో, రెండు ఊళ్లనూ కలిపే వ్యాన్ లింకును కావాలనే దించాడు. ఒకటి, రెండు, మూడు అని అమ్మాయి పైకే లెక్కపెడుతోంది. ఎనిమిది దాటింది. ఎల్‌ఎల్‌సీ2ను ఉన్నదున్నట్టు బ్రిడ్జి చేసి పంపి ఉంటే ఈపాటికి సెషన్ తెగిపోయేది. పదిహేను. పక్కనున్న రౌటరు అడుగుతూనే ఉంది, కంట్రోలరు జవాబు చెబుతూనే ఉంది, అక్కడ మెయిన్‌ఫ్రేమ్ అడిగినదానికి అక్కడి రౌటరు చెబుతోంది. ఇరవై దగ్గర లింకు ఎత్తాడు. టీసీపీ తన బాకీ ప్యాకెట్లు మళ్లీ పంపుకుంది. సూపర్‌వైజరు పేజీ తిప్పే బటన్ నొక్కింది. కాస్త ఆలస్యంగానైనా తర్వాతి పేజీ వచ్చింది.

అప్పుడు కుర్రాడు "రీలోడ్ క్యాన్సిల్" కొట్టాడు. తర్వాత మార్పులు భద్రపరిచే "రైట్ మెమ్". ఈ వరస తప్పకూడదు, వీటి మధ్యలో ఇంకో పని పెట్టుకోకూడదు.

సూపర్‌వైజరుకు కృతజ్ఞతలు చెప్పి అమ్మాయి ఫోను పెట్టేసింది. కింద జిరాక్స్ షాపు పక్కనుంచి టీ వచ్చింది. పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి మిగతా గిడ్డంగుల కాగితాలన్నీ ముందుకు లాక్కున్నారు. రౌటర్ కాగితం ఒకటి, వీటీఏఎం జాబితా ఒకటి, రెండూ పక్కపక్కన.

"31 నంబరుది చూడు. హెక్సాలో ఎంత?"

"1ఎఫ్ సార్."

"నా దగ్గర 1ఎఫ్ ఉంది. నీ దగ్గర?"

"31."

"దిద్దు. ఎన్‌ఆర్‌జెడ్‌ఐ గడి ఉందా అందులో?"

"లేదు సార్."

"కొత్తగా ఒక గడి గియ్యి. వచ్చే ఆదివారం లోపల ప్రతి చోటా అడిగి రాసుకోమని అమ్మాయికి చెప్పు. ఆ తర్వాత ఇటు కుర్చీ వేసుకో, వీటీఏఎంలో డిస్‌ప్లే ఎలా కొట్టాలో నువ్వే కొట్టి చూద్దువు గాని."

కుర్రాడు కుర్చీ జరుపుకున్నాడు.